పింగ్ వచ్చినంత మాత్రాన కార్డు బాగున్నట్టు కాదు



ల్యాబ్ బాధ్యత నీకు అప్పగించారని, నెట్‌వర్క్ కార్డులకు పరీక్షలు ఎలా పెట్టాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం. ఏ పరీక్షయినా సరే, అది దేన్ని తాకుతుందో, దేన్ని తాకదో ముందు తెలుసుకో. 127.0.0.1కి పింగ్ కొట్టి, జవాబు రాగానే కార్డుకేం ఢోకా లేదని తేల్చేసేవాళ్లు ఎంతోమంది. ఆ ప్యాకెట్ అసలు కార్డు దాకా వెళ్లనే వెళ్లదమ్మా, ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే తిరిగి వచ్చేస్తుంది.

మీవి లైనక్స్ మెషిన్లు కాబట్టి కార్డు పరీక్షకు ఈథ్‌టూల్ అనే కమాండ్ చాలు. దాంట్లో ఆఫ్‌లైన్ సెల్ఫ్ టెస్ట్ నడిపితే చాలా ఇంటెల్ కార్డుల్లో రిజిస్టర్లు, ఈప్రామ్, ఇంటరప్ట్, లూప్‌బ్యాక్, లింక్ వరసగా పరీక్షకొస్తాయి. ఆ కాసేపూ నెట్ తెగిపోతుంది. అందుకే రిమోట్‌గా నడపకు, మెషిన్ ముందు కూర్చునే చెయ్యి. ఆ మెషిన్‌లోకి ఎవరైనా లాగిన్ అయి ఉంటే ముందే చెప్పు. కొన్ని డ్రైవర్లకు ఈ సదుపాయమే ఉండదు. అప్పుడు వచ్చే ‘నాట్ సపోర్టెడ్’ చూసి కార్డు పోయిందనుకోకు.

లూప్‌బ్యాక్ పాసైందంటే కార్డు లోపలి దారి బాగున్నట్టు. కేబుల్ సంగతి అది చెప్పదు. అసలు చిక్కంతా ఎక్కువగా అక్కడే. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు. క్రింపింగ్ సరిగ్గా కుదరక 4, 5 పిన్నుల నీలం జతలోనో, 7, 8 పిన్నుల గోధుమరంగు జతలోనో ఒక్క తీగ ఆనకపోతే చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతుంది, పింగ్ వస్తుంది, ఫైళ్లు మాత్రం నత్తనడక. అందుకని లింక్ స్పీడు ఎంతో చూడకుండా ఏ మెషిన్‌నీ పాస్ చెయ్యకు.

ఆ తర్వాత సీఆర్‌సీ ఎర్రర్ల, అంటే దారిలో చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల, లెక్క రాసుకుని, ఐపెర్ఫ్ అనే టూల్‌తో కాసేపు ట్రాఫిక్ నడిపి మళ్లీ చూడు. పాత ఎర్రర్లు ఎన్నున్నా కంగారు పడకు, ఇప్పుడు పెరుగుతున్నాయా అన్నదే ముఖ్యం. పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చు, తగ్గకపోతే స్విచ్ పోర్టు, ఆఖరున కార్డు. వీటిలో ఏ రెండైనా ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తెలియదు.

ఈ వారం ఏ ఫిర్యాదూ లేని మెషిన్ ఒకటి తీసుకుని ఇవన్నీ నడుపు. కార్డు మోడల్, డ్రైవర్ వెర్షన్, స్పీడు, ఎర్రర్ల లెక్క తేదీ వేసి రాసి నాకు పంపు. పాడైన మెషిన్‌ని దేనితో పోల్చాలో తెలిశాకే దాని జోలికి వెళ్దాం.

మీ బాబాయి