పేరులోని అక్షరములు: పసిపిల్లల తొలి పాఠము

నాందేడు జిల్లా బిలోలి తాలూకాలోని సగరోళి తెలంగాణపు సరిహద్దునకు సమీపముననున్న గ్రామము. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోయినప్పుడు నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరినది. 1960 మే 1 నుండి మహారాష్ట్రములో నున్నది. పటములో గీత మారినదే కాని బేరసారముల భాష మారలేదు. సగరోళికి చదువు క్రొత్త కాదు. 1959లో స్థాపితమైన సంస్కృతి సంవర్ధన మండల్ వలన ఆ గ్రామము పేరు విద్యారంగమున నలుగురికి తెలిసినది. అయితే ఇట్టి సరిహద్దు గ్రామములలోని వర్తక కుటుంబములకు వేరొక చిక్కు కలదు. ఇంట మార్వాడీయో గుజరాతీయో, అంగడిలో తెలుగు, బడిలో మరాఠీ. నాలుగేండ్ల పసివాని కన్నులయెదుట మూడు లిపులు తిరుగుచుండును. వానికి మొట్టమొదట చూపవలసిన అక్షరమేది?

‘అ’ అని చెప్పుట వాడుక. వాని పేరులోని అక్షరమే చూపవలెనని నా అభిప్రాయము.

అక్షరమునకును మన సంప్రదాయమునకును గల చుట్టరికము పాఠకులకు తెలియనిది కాదు. ఆదినాథుడు తన కుమార్తె బ్రాహ్మికి లిపిని, సుందరికి అంకెలను నేర్పెనని పురాణగాథ. భగవతీ సూత్రము ఆరంభమున బ్రాహ్మీ లిపికే నమస్కారము కలదు. ఇది గ్రంథమునకు మాత్రమే చెందిన సంగతి కాదు. ఆ గాథలో తండ్రి నేర్పినది తన బిడ్డకు. ఆ లిపికి నిలిచినది ఆ బిడ్డ పేరే. భాషల కలయిక కూడ మనకు నేటిది కాదు. పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దములో కరీంనగర్ ప్రాంతపు కుర్క్యాల గుట్టపై చెక్కించిన శాసనములో సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును ఉన్నవి.

పసివానికి తన పేరు ఒక మాట కాదు, తన వస్తువు. తన పళ్లెము, తన చెప్పులు అన్నట్లే తన పేరు. అమెరికాలో రెబెకా ట్రైమన్, విక్టోరియా బ్రోడరిక్ 1998లో ప్రకటించిన పరిశోధనలో, పిల్లలకు ఇతర అక్షరములకంటె తమ పేరులోని మొదటి అక్షరము ఎక్కువగా తెలియునని తేలినది. అందులోనే మరియొక విశేషము కలదు. వారికి ఎక్కువగా తెలిసినది ఆ అక్షరము పేరే కాని దాని ధ్వని కాదు. ఇంగ్లీషులో అక్షరము పేరు ఒకటి, పలుకు వేరొకటి. మన లిపిలో ఆ పేచీ లేదు. ‘మ’ పేరు మ, పలుకు కూడ మ. కనుక పేరుతో మొదలుపెట్టుట వలన మన పిల్లలకు లాభము రెండింతలు కావలెనని నాకు తోచుచున్నది.

పని మొదలిడుటకు ముందు తేల్చుకొనవలసినది, ఏ పేరు? మన యిండ్లలో జాతకములో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు, నోటిలో ఛోటూ, మున్నా, చిన్నీ. బడిలో హాజరు పిలిచినప్పుడు తన పేరని తెలియక పలుకని పిల్లలున్నారు. చెవికి తెలియని పేరును కంటికి నేర్పజూచుట వృథా. ముందు కొన్ని వారములు బడి పేరుతోనే పిలిచి, అది తనదని బిడ్డ తలయూపిన తరువాత అట్ట చేతబట్టవలెను.

పేరు సుమతి అనుకొందము. జానెడు అట్టపై నల్లని సిరాతో పెద్దవిగా, గుండ్రముగా, ఒకే తీరున వ్రాసి, అన్నము తిను చోట, సంచి తగిలించు కొక్కెము పైన, టిఫిను డబ్బా మూతపైన ఉంచవలెను. ‘ఇది ఏమి?’ అని ప్రశ్నింపరాదు. ‘సుమతి సంచి తెమ్ము’ అనిన చాలును. పదిదినములలో బిడ్డ ఆ అట్టను గుర్తించును. ఇంటివారు మురిసి, చదువు వచ్చినదని చుట్టములకు చెప్పుదురు. ఇంకను రాలేదు. బిడ్డ గుర్తించినది అట్ట పొడవు కావచ్చును, మూల మీది మరక కావచ్చును. పరీక్ష యేమనగా, ముందు ‘పద్మావతి’ అను అట్టతో కలిపి పెట్టి తనది తీసికొమ్మనవలెను, ఇది సులభము. పిదప ‘సునీత’తో కలిపి పెట్టవలెను. రెండింటికిని మొదట ‘సు’యే. అప్పుడు తడబడినచో బిడ్డ చూచుచున్నది మొదటి అక్షరమును మాత్రమేనని మనకు తెలియును. తడబాటు తప్పు కాదు, తరువాతి పాఠమెచ్చటనో అదే చెప్పును.

అటుపిమ్మట అట్టను మూడు ముక్కలుగ కత్తిరించి, చప్పట్లు కొట్టుచు సు, మ, తి అని పలికింపవలెను. ఒక చప్పట, ఒక ముక్క. మన లిపి చేసిన మహోపకారమిది. ఇంగ్లీషు బిడ్డ పలుకును ఇంకను సన్నముగా చీల్చుకొనవలెను. మన బిడ్డకు నోరు విడదీసినచోటనే వ్రాత కూడ విడిపోవుచున్నది. ఒక ముక్క దాచి ‘ఏది పోయినది?’ అని ఆడవచ్చును. ముక్కలు తారుమారు చేసి ‘మసుతి’ అని చదివినచో నవ్వని బిడ్డ లేదు.

ఇక్కడ గుణింతముతో ముడి పడును. పటములో ‘త’ కలదు, పేరులో ‘తి’ కలదు. పటమునే నమ్మిన బిడ్డకు తన పేరులోని ‘తి’ యెచ్చటను కనబడదు. ‘మ’కు తలకట్టు ఉన్నది, ‘తి’లో తలకట్టు పోయి గుడి వచ్చినది, ‘సు’లో తలకట్టు ఉండగనే కొమ్ము మొలిచినది. ఈ మాటలన్నియు బిడ్డకు చెప్పనక్కరలేదు. తల్లి తెలిసికొనిన చాలును. బిడ్డకు త, తి ప్రక్కప్రక్కన పెట్టి చూపవలెను. కిరాణా దుకాణము గలవారికి ఇందులో గొప్ప సదుపాయము కలదు. డబ్బాలపై మినుములు, మెంతులు, మిరియాలు అని చీటీలుండును. ‘నీ మ ఎచ్చట?’ అని ఒక్కసారి దుకాణములో త్రిప్పినచో మి, మెం, ము అన్నియు ఒక్క తల్లి పిల్లలని బిడ్డయే కనుగొనును.

గుణింతము విలువ వర్తకులకు వేరుగ చెప్పనేల? మాత్రలు విడిచి వ్రాయు పాత మహాజనీ లిపిలో ‘కాకాజీ అజ్మీరు వెళ్లినారు’ అని వచ్చిన ఉత్తరమును ‘కాకాజీ ఆజ్ మర్ గయే’ అని చదివి ఇల్లంతయు ఏడ్చిన కథ మార్వాడీ ఇండ్లలో ముసలివారు నేటికిని చెప్పుచుందురు.

పేర్లన్నియు సమానము కావు. తీర్థంకరుల నామములనే చూడుడు. నమి రెండక్షరములు, విమల మూడు. పసివానికి అరచేతిలోని ఉసిరికాయలు. మల్లిలో ఒత్తు వచ్చినది, శాంతిలో సున్న వచ్చినది. ఋషభ అను పేరు గల బిడ్డకు మొదటి అక్షరమే తెలుగులో అరుదుగ కనబడునది. ‘నీ అక్షరము వెదకుము’ అనిన ఎచ్చటను దొరకక చిన్నబుచ్చుకొనును. అట్టివానికి ‘ష’తోనో ‘భ’తోనో మొదలుపెట్టుట మేలు. పార్శ్వలో ర క్రింద శ, వ రెండు ఒత్తులు వ్రేలాడును. దానిని విడదీసి నేర్పబోవుట నాలుగేండ్ల వయసున దండన. ‘పా’ ఒక ముక్క, తక్కినది ఒక ముక్క. ఆరేడేండ్లు వచ్చినపుడు విప్పి చూపవచ్చును.

గుర్తించుట వేరు, వ్రాయుట వేరు. ఈ తేడా తెలియకనే బలపము చేతికిచ్చి దిద్దించి పిల్లలను ఏడిపించుచున్నాము. గరుకు కాగితపు అక్షరములను వ్రేలితో తడుమునట్లు చేసిన మాంటిసోరీ 1939లో మదరాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చెను. అంతకు ముందే గుజరాతునందు గిజుభాయి బధేకా, ఆయన వెంట తారాబాయి మోడక్ ఈ మార్గమును మన దేశపు పిల్లలకు అనువుగ మలచిరి. తారాబాయి 1945లో బోర్డీ గ్రామమున శిశువిద్యకై పని మొదలిడెను. మన యింటిలో అంత సామగ్రి అక్కరలేదు. పళ్లెములో బియ్యము పోసి వ్రేలితో తిప్పించిన చాలును. బాసరలో అక్షరాభ్యాసము చేయించుకొని వచ్చిన కుటుంబములు ఆ దినము పట్టించిన చేయిని మరునాటినుండి బలవంతముగ పట్టనక్కరలేదు. వ్రేళ్లు కుదురుటకు వాని కాలము వానికి కావలెను. చరవాణి తెరపై పేరు కొట్టి చూపుట కొందరికి సులభముగ తోచుచున్నది. చూచుటకు బాగున్నదే కాని, తెర చేతికి తగులదు, ముక్కలు కాదు, దాచుటకు వీలు లేదు.

ఇక లిపి సంగతి. మొదట ఒకటే. ఏ లిపిని ఇంటిలోని పెద్దలు ప్రతిదినము బిడ్డతో కూర్చుండి చదువగలరో అది. సగరోళి వంటి చోట బడి మరాఠీని ఎట్లును నేర్పును. తెలుగు నేర్పుటకు ఇల్లు తప్ప వేరు దిక్కు లేదు. తండ్రి దుకాణపు చిట్టా తెలుగులో నుండగా కొడుకు అందులో తన పేరైనను గుర్తుపట్టలేని స్థితి ఒక్క తరములోనే వచ్చును. కనుక అట్టి యింట తెలుగే ముందు అని నా సలహా.

మూడు నాలుగు నెలల పిదప అదే అట్ట వెనుక మరాఠీలో వ్రాయవచ్చును. అప్పుడొక వింత ఎదురగును. ‘నమన్’ అను పిల్లవాని పేరు తెలుగులో చివర పొల్లుతో ముగియును. చప్పట్లు రెండే, ముక్కలు మూడు. కనుక పొల్లుగల న్‌ను ముందు ముక్కతో అంటించియే ఉంచవలెను. అట్ట త్రిప్పినచో మరాఠీలో ఆ పొల్లు లేదు. మొదటి న, చివరి న ఒక్క తీరుననే ఉండును, గుజరాతీలోను అంతే. ‘దీనికి తోక ఏది?’ అని బిడ్డ అడుగును. ఆ అక్కయ్య మరాఠీలో తోక వేయకయే పలుకుమని చెప్పినదని ఏదో ఒక సమాధానము చెప్పి, రెండు వైపులను మార్చి మార్చి చూపవలెను.