ఏ చీమ యొద్దకు వెళ్లవలెను?

సామెతల గ్రంథము 6వ అధ్యాయములో సొలొమోను సోమరిని చీమల యొద్దకు పంపినాడు. ప్రియ సహోదరులారా, నేను ఆ భాగము మీద అనేక పర్యాయములు ప్రసంగించితిని గాని చీమల యొద్దకు మాత్రము వెళ్లి యెరుగను. నిరుడు వేసవిలో మన సంఘపు కూలిమనిషి యొకడు పట్టపగలు వేపచెట్టు క్రింద నిద్రించుచుండగా చూచి, లేపి, ఆ మాటనే జ్ఞాపకము చేసితిని. అతడు కన్నులు నులుముకొనుచు, "ఏ చీమ అయ్యగారూ? అన్ని చీమలూ గింజలు దాచవు గదా" అనెను. రాత్రంతయు మోటారు యొద్ద నుండి చేనికి నీళ్లు కట్టి వచ్చినాడని తరువాత తెలిసినది. నేను సిగ్గుపడి, ఆ సాయంకాలమే అతని వెంట చేనిగట్టునకు పోతిని.

మొదట ఏది చీమయో తెలియవలెను. చీమకు ఆరు కాళ్లు, మోచేయి వలె వంగిన మీసములు, పొట్టకు ముందు సన్నని నడుము ఉండును. చెదపురుగును తెల్లచీమ అందుము గాని దానికి ఆ నడుము లేదు, మీసములు పూసలదండ వలె తిన్నగా నుండును; అది బొద్దింకల వంశము. చీమ నడుము మీద ఒకటి గాని రెండు గాని బుడిపెలుండును. భూతద్దముతో వాటిని లెక్కించుడి. జాతి గుర్తించుటకు అది మొదటి మెట్టు.

నల్ల గండుచీమకు ఒకటే బుడిపె. దానికి కొండి లేదు. కరచి, ఆ గాటులో పులుసు వంటి ద్రవము చిమ్మును. పైరు మీది పేనుబంకను మీసములతో తట్టి దాని తీపిరసము త్రాగును. గింజలు దాచదు. మామిడిచెట్టు మీది ఎర్రచీమలును దాచవు. అవి తమ పిల్లపురుగులను నోట కరచుకొని, వాటి పట్టుదారముతో ఆకులను కుట్టి గూడు కట్టును; పురుగులను వేటాడి తినును. ఆ చీమల వేషమున తిరుగు సాలెపురుగు కూడ ఒకటి కలదు. ముందుకాళ్లను మీసముల వలె ఎత్తి నడచును. కాళ్లు లెక్కించిన ఎనిమిది!

గింజలు దాచునవి వేరు. గట్టు మీద చిన్న రంధ్రము, దాని చుట్టు గడ్డిగింజల పొట్టు వలయముగా పడియుండుట అతడు చూపెను. ఆ చీమలకు రెండు బుడిపెలు. కొన్నిటికి తల మిక్కిలి పెద్దది. గింజ చిదుపునవి అవే. వాన వెలిసిన పిదప తడిసిన గింజలను వెలుపలికి తెచ్చి ఎండబెట్టును.

1747లో విలియం గూల్డు ఇంగ్లండు చీమలను పరీక్షించి, అవి ధాన్యము దాచవని వ్రాసెను. అచ్చటి చీమల విషయములో అది నిజమే. దానిని బట్టి సొలొమోను పొరబడెనని కొందరు పండితులు తలంచిరి. అయితే పాలస్తీనా దేశములో గింజలు కూర్చు చీమలు నేటికిని ఉన్నవి. 1829లో పూనాలో కర్నలు సైక్సు, తరువాత మన నెల్లూరులో వైద్యుడుగా నుండిన జెర్డన్ అట్టివాటిని హిందూదేశములోను చూచిరి. జెర్డన్ దక్షిణదేశపు చీమల పట్టికను 1851లో మద్రాసు పత్రికలో ప్రకటించెను. ఎగిరి దుముకు చీమ యొకటి అందులో నున్నది.

మరియొక సంగతి. అమెరికాలో అరిజోనా పరిశోధకులు ఒక చిన్నజాతి చీమలకు రంగుచుక్కలు పెట్టి చూచి 2017లో ప్రకటించినదేమనగా, పుట్టలో నూటికి 40 వరకు ఊరకనే యుండును. మిక్కిలి పాటుపడు చీమలను తీసివేయగా, వారము లోపల ఆ ఊరకున్న వాటిలో నుండియే కొన్ని లేచి వాటి పనిని పట్టుకొనెను.

ఇది చెప్పగా అతడు నవ్వి, "ఈసారి ప్రసంగములో వాటినీ చెప్పండి అయ్యగారూ" అనెను. శనివారము సాయంకాలము పిల్లలను తీసికొని మరల ఆ గట్టునకు పోవుచున్నాము. భూతద్దము నా యొద్ద ఒకటే యున్నది, ఉన్నవారు తెచ్చుకొనుడి.