మరో లోకపు సోదరుడు

పాఠ్యభాగ పరిచయం

ఒక విషయాన్ని చెప్పే నెపంతో మరొక విషయాన్ని స్ఫురింపజేయడాన్ని అన్యాపదేశం అంటారు. సంఘంలోని దోషాన్ని సూటిగా చెప్పినప్పుడు చెవికెక్కదని భావించిన కవులు పక్షినో, వృక్షాన్నో, మేఘాన్నో ముందుంచుకొని మనుషుల మాట చెప్పారు. ఆధునిక కాలంలో వైజ్ఞానిక కల్పన ఈ పనినే గ్రహాంతరవాసి ద్వారా నెరవేరుస్తున్నది. అమెరికా దర్శకుడు జాన్ సేల్స్ 1984లో నిర్మించిన 'ద బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్' అనే చలనచిత్రం ఇందుకు చక్కని ఉదాహరణ. వర్ణవివక్షను ఆ చిత్రం ఏ విధంగా చూపిందో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

రాత్రివేళ ఒక అంతరిక్ష నౌక న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపం వద్ద కూలిపోతుంది. అందులో నుంచి గాయపడిన వ్యక్తి ఒకడు బయటపడి, అక్కడి పాడుబడిన భవనంలోకి చేరుకుంటాడు. చూడడానికి నల్లజాతి యువకునిలాగే ఉంటాడు. పాదాలకు మూడేసి వేళ్లుండడం ఒక్కటే పైకి కనిపించే భేదం. అతనికి మాట రాదు. అయితే చేతితో తాకి గాయాలను మాన్పగలడు, చెడిపోయిన యంత్రాలను బాగుచేయగలడు. గోడలను, స్తంభాలను తాకితే ఒకప్పుడు అక్కడ మసలిన మనుషుల గొంతులు అతనికి వినిపిస్తాయి.

కథారంభానికి ఎల్లిస్ ద్వీపాన్ని ఎన్నుకోవడంలో ఔచిత్యం ఉంది. 1892 నుంచి 1954 వరకు అమెరికాకు వలస వచ్చినవారిని పరీక్షించి దేశంలోకి అనుమతించిన కేంద్రం అది. సుమారు 1 కోటి 20 లక్షల మంది ఆ ద్వారం గుండా ప్రవేశించారు. ఆంగ్లంలో 'ఏలియన్' అనే పదానికి గ్రహాంతరవాసి అనే కాక, పౌరసత్వం లేని విదేశీయుడు అనే అర్థం కూడా ఉంది. కథానాయకునికి ఆ రెండర్థాలూ వర్తిస్తాయి. అక్కడి నుంచి అతడు చేరేది హార్లెం అనే నల్లవారి పేట. ఆ పేటవాసులలో అత్యధికుల పూర్వీకులు ఎల్లిస్ ద్వీపం మీదుగా ఆశతో వచ్చినవారు కారు. సంకెళ్లతో ఓడలలో తరలింపబడినవారు. ఆ సంకెళ్ల కథే ఈ చిత్రానికి ప్రాణం.

హార్లెంలోని ఒక చిన్న మద్యశాలలో అతనికి ఆశ్రయం లభిస్తుంది. అక్కడి వారు మొదట అతణ్ణి పిచ్చివాడేమోనని శంకిస్తారు, రోగమేమైనా ఉందేమోనని జంకుతారు. అయినా వెళ్లగొట్టరు. శామ్ అనే సంక్షేమ ఉద్యోగి అతనికి బస, పని చూపిస్తాడు. వీడియో క్రీడల యంత్రాలను చేతి స్పర్శతో బాగుచేసే పని అది. చిత్రంలో అతనికి పేరు లేదు. అందరూ 'బ్రదర్' అనే పిలుస్తారు. పరిచయం లేని వానిని 'అన్నా' అని పలకరించడం తెలుగువారికి కొత్త కాదు. అమెరికా నల్లవారు తమవానిని 'సోదరా' అని పిలవడంలో ఆ చనువుతో పాటు, ఒకే బాధను పంచుకున్నవారి బంధుత్వం కూడా ఉంది.

కథానాయకుడు ఎవరో ప్రేక్షకులకు తెలిపే సన్నివేశం అతి సరళమైనది. ఒక బాలునితో కలిసి అతడు ఒక ప్రదర్శనశాలకు వెళతాడు. అక్కడ పారిపోతున్న నల్లజాతి బానిస చిత్రాన్ని చూస్తాడు. ముందు ఆ చిత్రాన్ని, తరువాత తనను, ఆ పైన ఆకాశాన్ని చూపుతాడు. ఒక్క మాటైనా లేకుండా అతని చరిత్ర తేటతెల్లమవుతుంది. అతడు తన లోకంలో బానిస. అక్కడి నుంచి పారిపోయి వచ్చాడు.

అతణ్ణి పట్టుకుపోవడానికి నల్లని దుస్తులు ధరించిన ఇద్దరు తెల్లవారు వెంటాడుతుంటారు. వారూ గ్రహాంతరవాసులే. ఒక పాత్రను దర్శకుడు సేల్స్, మరొక పాత్రను డేవిడ్ స్ట్రాథెర్న్ పోషించారు. ఈ వేటకు చరిత్రలో ఆధారం ఉంది. 1850లో అమెరికాలో చేసిన ఒక చట్టం ప్రకారం, బానిసత్వం లేని రాష్ట్రానికి పారిపోయిన బానిసను కూడా పట్టి యజమానికి అప్పగించవలసి ఉండేది. బానిసలు తప్పించుకోవడానికి రహస్యంగా సాయపడిన వారి వ్యవస్థకు 'భూగర్భ రైలుమార్గం' అని పేరు. అందులో పట్టాలు లేవు, బండ్లు లేవు. తలుపు తెరిచి దాచిన మనుషులే ఉన్నారు. 1865లో రాజ్యాంగ సవరణ ద్వారా బానిసత్వం రద్దయింది. చట్టం రద్దయినా చూపు మారలేదన్నది చిత్రం చెప్పదలచిన మాట.

ఆ చూపును చెప్పే మరొక సన్నివేశం నగరపు భూగర్భ రైలులో జరుగుతుంది. ఒక తెల్లజాతి యువకుడు పేకముక్కలతో గారడీ చేసి, తరువాత ఇంకొక గారడీ చూపుతానంటాడు: బండిలోని తెల్లవారందరినీ మాయం చేస్తాడట! 59వ వీధి దాటితే ఆ రైలు ఆగేది హార్లెంలోని 125వ వీధిలోనే. 59వ వీధి రాగానే తెల్లవారందరూ దిగిపోతారు. గారడీ ఫలిస్తుంది. ఒకే నగరంలో కంటికి కనిపించని గోడ ఎక్కడుందో ఈ చమత్కారం తెలుపుతుంది. నవ్వు ఆగిన తరువాతనే అందులోని చేదు తెలుస్తుంది.

అయినంత మాత్రాన చిత్రం హార్లెంను స్వర్గంగా చూపదు. అక్కడ మత్తుమందుకు బలైన పిల్లలున్నారు. కథానాయకుడు ఆ మందు వచ్చే దారిని వెదుకుతూ పోయి, దాని మూలం పేటలో కాక ఎత్తైన భవనంలో కూర్చున్న ఒక సంపన్నుని వద్ద ఉందని కనుగొంటాడు. బానిసత్వానికి కొత్త రూపం ఏదో ఈ ఘట్టం సూచిస్తుంది.

ఈ చిత్రానికైన ఖర్చు సుమారు 3,50,000 డాలర్లు. 1982లో వచ్చిన 'ఇ.టి.' చిత్రానికి కోటి డాలర్లకు పైగా వ్యయమైంది. సేల్స్ తనకు 1983లో లభించిన మెకార్థర్ ఫెలోషిప్ సొమ్మును కూడా ఇందుకు వినియోగించాడు. ధనం కొరతే ఇక్కడ కళకు తోడ్పడింది. వింత ముఖాన్ని, కొమ్ములను తయారుచేసే స్తోమత లేనందున, భేదమంతా బూట్లలో దాగిన వేళ్లకే పరిమితమైంది. ఫలితంగా గ్రహాంతరవాసిని లోకం వేరుగా చూడడానికి వేళ్లు కారణం కాలేదు, చర్మపు రంగే కారణమైంది. కథానాయకునిగా నటించిన జో మోర్టన్ మాట సాయం లేకుండా కళ్లతో, నడకతో భయాన్ని, ఆశ్చర్యాన్ని, కరుణను పలికించాడు. ఛాయాగ్రాహకుడు ఎర్నెస్ట్ డికర్సన్ హార్లెం వీధులనే రంగస్థలంగా మలిచాడు.

నాయకుని మౌనాన్ని గురించి ఒక సందేహం కలుగుతుంది. శతాబ్దాలుగా నోరు నొక్కబడిన జాతి ప్రతినిధిని మూగవానిగా చూపడం న్యాయమా? చిత్రంలో ప్రతివారూ అతని ఎదుట తమ మనసు విప్పుతారు. అతని మనసు అడిగేవారు అరుదు. ఆ లోపాన్ని గుర్తించవలసిందే. అయితే చెప్పుకోవడానికి గొంతు లేకపోవడం ఎంతటి దుఃఖమో ఆ మౌనమే తెలియజేస్తుంది. 1941లో వెలువడిన గుఱ్ఱం జాషువ 'గబ్బిలం' కావ్యంలో అస్పృశ్యుడైన నాయకుడు తన వేదనను కాశీలోని శివునికి గబ్బిలం ద్వారా విన్నవించుకుంటాడు. మనిషికి లేని ఆలయ ప్రవేశం గబ్బిలానికి ఉండడమే అక్కడి విషాదం. దేశాలు, కాలాలు, కళారూపాలు వేరైనా రెండు చోట్లా ప్రశ్న ఒకటే: తోటి మనిషిని మనిషిగా చూడడానికి మనిషికి అడ్డేమిటి?

చివరకు వేటగాళ్లు అతణ్ణి చుట్టుముట్టిన వేళ, అతని వలెనే పారిపోయి వచ్చి నగరంలో తలదాచుకున్న మరికొందరు ముందుకు వస్తారు. వారిని చూసి వేటగాళ్లు నిలవలేకపోతారు. నాయకునికి అద్భుతశక్తులున్నా, అతణ్ణి కాపాడినవి ఆ శక్తులు కావు. తోడు నిలిచిన సాటివారు.

కఠిన పదాలు – అర్థాలు

నెపం = సాకు, మిష
ఔచిత్యం = తగిన విధంగా ఉండడం
తేటతెల్లం = మిక్కిలి స్పష్టం
స్తోమత = శక్తి, ఆర్థిక బలం
అస్పృశ్యుడు = అంటరానివాడని సంఘం వెలివేసినవాడు

సంధులు

అన్యాపదేశం = అన్య + అపదేశం (సవర్ణదీర్ఘ సంధి)
గ్రహాంతరం = గ్రహ + అంతరం (సవర్ణదీర్ఘ సంధి)

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. వర్ణవివక్షను ఈ చిత్రం అన్యాపదేశంగా చూపిన తీరును వివరించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. రైలులోని గారడీ సన్నివేశంలోని అంతరార్థాన్ని తెలపండి.
2. ధనం కొరత ఈ చిత్రంలోని కళకు ఏ విధంగా తోడ్పడింది?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'భూగర్భ రైలుమార్గం' అనగానేమి?
2. నాయకుణ్ణి చివరకు ఎవరు కాపాడారు?