ద్రవ్యము పేరును, దాని విలువయును

ద్రవ్యమునకు పేరొకటి, విలువ యొకటి. నోటుమీఁది యంకె పేరు. ఆ నోటునకు వచ్చు వస్తువే విలువ. ఈ భేదమును గ్రహించుటకు తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా దేశపు షిల్లింగు చరిత్రను పరిశీలింతము.

పూర్వ మా ప్రాంతమునందు మన హిందూదేశపు రూపాయియే చెల్లుచుండెను. 1896లో మొంబాసా రేవునుండి ఉగాండా రైలుమార్గము వేయ నారంభింపఁగా మన దేశపు కూలీలు వేలకొలఁది యచ్చటికిఁ బోయిరి. వారి జీతములును, వర్తకుల లెక్కలును రూపాయలలోనే యుండెను. అప్పుడు 15 రూపాయ లొక పౌను. మొదటి మహాయుద్ధానంతరము వెండి ధర పెరిగి రూపాయి విలువ హెచ్చెను. 1920లో పౌనునకు 10 రూపాయలుగా నచ్చట స్థిరపఱచిరి. అంతకుముందు 150 రూపాయ లప్పుపడిన రైతు పత్రములో నంకె మాఱలేదు. కాని 10 పౌనుల యప్పు 15 పౌనులయ్యెను. పంటను లండనులో పౌనుల కమ్ముకొనువాని కిది యెంత భారమో యూహింపుఁడు.

1921లో తూర్పు ఆఫ్రికా షిల్లింగు వచ్చెను. 1966లో ఉగాండా తన సొంత షిల్లింగును, పాతదానితో సమానమైన విలువకు, ప్రవేశపెట్టెను. తరువాత ప్రభుత్వము ఆదాయమునకు మించి వ్యయముచేసి, ఆ లోటును క్రొత్త ద్రవ్యముతోఁ బూడ్చుకొనుటచే ధరలు విపరీతముగాఁ బెరిగెను. అందుచే 1987 మే నెలలో 100 పాత షిల్లింగుల కొక క్రొత్త షిల్లింగు నిచ్చిరి.

ఇచ్చట నొక లెక్క. ఒక కుటుంబము 10,000 పాత షిల్లింగులు దాఁచుకొన్నదనుకొందము. ఒక వస్తువు వెల 2,000 అయినచో అయిదు వస్తువులు వచ్చును. రెండు సున్నలు తీసివేసిన పిమ్మట చేతిలో 100, వస్తువు వెల 20, ఇప్పుడును అయిదే. సున్నలు పోవుటచే నష్టము లేదు. అయితే మార్పిడియందు నూటికి 30 వంతునఁ బన్ను తీసికొనిరి. ఆ కుటుంబమునకు దక్కినవి 70. వాని కయిదు వస్తువులు రావు, మూఁడున్నరయే. సున్నలు తీయుట పేరు మార్చుట. పన్ను తీయుట విలువను హరించుట.

పరదేశ ద్రవ్యముతో మారకమునకును ఇదియే న్యాయము. 1987లో డాలరునకు 60 క్రొత్త షిల్లింగులు. 2024లో సుమారు 3,700. షిల్లింగు దిగినపుడు కాఫీ నెగుమతిచేయువానికి డాలరునకు హెచ్చు షిల్లింగులు ముట్టును. అయినను, దిగుమతియగు పెట్రోలునకు, మందులకు అతఁడే హెచ్చుగాఁ జెల్లింపవలయును. కావున మారకపు రేటొక్కటి చూచి లాభమనిగాని నష్టమనిగాని నిర్ణయింపరాదు.

విద్యార్థులారా! కూలివాని జీతము పెరిగినదని వినినపుడు ఎన్ని నోట్లు వచ్చినవని మాత్రమే యడుగక, ఆ నోట్లకు ఎన్ని కుంచముల గింజలు వచ్చునని యడుగుఁడు. అదియే నిజమైన గణితము.