గాలియం: డిసెంబర్‌లో ఘనం, ఏప్రిల్‌లో ద్రవం. లిక్విడ్ మెటల్ పేస్ట్ కొనే ముందు ఈ టెన్త్ క్లాస్ పాఠం చదవండి

టెన్త్‌లో మనందరం రాసిన ఒక్క మార్కు బిట్ ఇది. గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవ స్థితిలో ఉండే లోహం ఏది? ఆన్సర్ పాదరసం. నేనూ అదే రాశాను, మార్కూ పడింది.

అయితే ఎవరి గది? కెమిస్ట్రీ వాళ్లు గది ఉష్ణోగ్రత అంటే సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ అనుకుంటారు. నేను ఉండేది కిష్టారెడ్డిపేటలో, టాప్ ఫ్లోర్‌లో, ఏసీ లేని రూమ్‌లో. ఏప్రిల్‌లో రాత్రి పదింటికి కూడా లోపల 33 డిగ్రీలు చూపిస్తుంది. గాలియం అనే లోహం 29.76 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే మా రూమ్‌లో వేసవి అంతా ద్రవ లోహాలు రెండు: పాదరసం, గాలియం. సీజియం కూడా 28.5 దగ్గరే కరుగుతుంది, కానీ నీళ్లు తగిలితే పేలే లోహం అది, దాన్ని రూమ్‌లో పెట్టుకునే వాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి లెక్కలో వేయట్లేదు. చలికాలంలో సీన్ మారిపోతుంది. వాతావరణ శాఖ ఇచ్చే చలి లిస్టులో పటాన్‌చెరు పేరు తరచూ పై వరసల్లోనే ఉంటుంది కదా, ఆ రోజుల్లో అదే సీసాలో అదే గాలియం వెండి ముక్కలా గట్టిగా ఉంటుంది.

ఇదంతా మన సైట్‌లో ఎందుకంటే, ఇప్పుడు గేమింగ్ లాప్‌టాప్‌ల గురించి అడిగే ప్రతి ముగ్గురిలో ఒకరు "లిక్విడ్ మెటల్ వేయించుకోవచ్చా బ్రో" అని అడుగుతున్నారు. ఆ లిక్విడ్ మెటల్‌లో ఎక్కువ భాగం గాలియమే. దాని గురించి తెలియకుండా సలహా ఇస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ తెలివితక్కువ సలహా ఇచ్చింది నేనే. ఆ కథ కాసేపట్లో చెప్తా.

చేతిలో కరిగే లోహం

ఒక డిసెంబర్‌లో చిన్న సీసా గాలియం తెప్పించాను. మా మేనమామ బొల్లారంలో ఒక చిన్న అల్యూమినియం డై కాస్టింగ్ యూనిట్‌లో పని చేస్తాడు. ఆదివారం వచ్చినప్పుడు ముక్క తీసి అరచేతిలో పెట్టాను. మన చర్మం దాదాపు 33 డిగ్రీలుంటుంది. రెండు మూడు నిమిషాల్లో ముక్క అంచులు మెత్తబడి, చివరికి అద్దం లాంటి బొట్టు అయ్యింది.

"ఏందల్లుడా ఇది? మేము అల్యూమినియం కరగవెట్టాలంటె ఫర్నేస్ 700 దాకా లేపుతం. నీది చేతులనే కరుగుతున్నదా?" అన్నాడు మామ.

స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆవర్తన పట్టికలో గాలియం దాని కిందే, అదే గ్రూపులో ఉంటుంది. 1871లో మెండలీవ్ అల్యూమినియం కింద ఖాళీ గడి వదిలి, దానికి ఏకా అల్యూమినియం అని పేరు పెట్టి, సాంద్రత 5.9 వరకు ఉంటుందని ముందే రాశాడు. 1875లో ఫ్రాన్స్‌లో లెకాక్ ద బోబోద్రాన్ దాన్ని కనిపెట్టి సాంద్రత 4.7 అన్నాడు. మెండలీవ్ అసలు ఆ లోహాన్ని చూడకుండానే, మీ శాంపిల్ శుద్ధంగా లేదు, మళ్లీ కొలవండి అన్నాడు. కొలిస్తే 5.9 వచ్చింది. ఇంటర్నెట్‌లో స్పెక్స్ లీక్ చేసే వాళ్లెవరికీ ఈ రికార్డు లేదు.

ఒకే గ్రూపులో ఉండి 660 ఎక్కడ, 30 ఎక్కడ? లోహంలో పరమాణువులు తమ బయటి ఎలక్ట్రాన్లను ఉమ్మడి ఆస్తిలా వదిలేస్తాయి, ఆ ఎలక్ట్రాన్ల గుంపు అన్నిటినీ పట్టి ఉంచుతుంది. లోహాల్లో కరెంటు, వేడి వేగంగా పారడానికి కారణం కూడా ఆ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లే. అల్యూమినియంలో ఈ పట్టు అన్ని వైపులా సమానం. ఘన గాలియంలో మాత్రం పరమాణువులు జంటలు జంటలుగా దగ్గరవుతాయి. జంట లోపల బంధం గట్టిది, జంటకీ జంటకీ మధ్య బలహీనం. కొంచెం వేడి ఇస్తే చాలు, ఆ అమరిక కూలిపోతుంది. కరిగాక మాత్రం పరమాణువులు ఒకదాన్నొకటి వదలవు. ఆవిరి చేయాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. చేతిలో కరిగిందని ఇంకాస్త వేడికే ఆవిరైపోతుందనుకోవద్దు. ద్రవీభవన స్థానం, మరిగే స్థానం రెండూ వేరు వేరు కథలు.

జంటల అమరిక కొంచెం వదులుగా ఉంటుంది కాబట్టి గాలియం గడ్డకట్టేటప్పుడు, నీళ్లలాగే, వ్యాకోచిస్తుంది. దాదాపు 3 శాతం. గాజు సీసాలో నిండుగా పోసి చలికి వదిలేస్తే సీసా పగలొచ్చు. అందుకే మెత్తటి ప్లాస్టిక్ సీసాల్లో అమ్ముతారు.

మా రూమ్‌లో చూసిన ఇంకో వింత. కరిగిన బొట్టుని రాత్రి కిటికీలో పెట్టాను. తెల్లారి రూమ్ 21 డిగ్రీలు, బొట్టు ఇంకా ద్రవమే! 29.76 కింద గట్టిపడాలి కదా? ద్రవం ఘనంగా మారాలంటే మొదట ఎక్కడో ఒక చిన్న స్ఫటికం పుట్టాలి, దాని మీద మిగతావి పేరుకోవాలి. శుభ్రంగా ఉన్న గాలియంలో ఆ మొదటి స్ఫటికం త్వరగా పుట్టదు. దీన్ని అతిశీతలీకరణం అంటారు. మిగిలిన ఘన ముక్క నుంచి చిన్న రవ్వ గీకి బొట్టు మీద వేశాను. అక్కడి నుంచి గట్టిపడటం మొదలైంది. పెరుగు తోడు పెట్టినట్టే అనుకోండి.

కరుగుతున్నంత సేపు ఉష్ణోగ్రత పెరగదు అని చదువుకున్నాం కదా, ఇచ్చిన వేడంతా స్థితి మారడానికే పోతుంది, అదే గుప్తోష్ణం. గాలియం విషయంలో ఇది ఎంత నిక్కచ్చిగా ఉంటుందంటే, అంతర్జాతీయ ఉష్ణోగ్రత స్కేల్‌లో థర్మామీటర్లను సరిచూసే స్థిర బిందువుల్లో దీని ద్రవీభవన స్థానం ఒకటి: 29.7646 డిగ్రీలు.

పేస్ట్‌లో ఉన్నది ఒక్క గాలియం కాదు

లాప్‌టాప్‌లో వేసేది గాలియం, ఇండియం, తగరం కలిపిన మిశ్రమ లోహం. ఇండియం 157 దగ్గర, తగరం 232 దగ్గర కరుగుతాయి. 30కి కరిగే దాంట్లో 157ది, 232ది కలిపితే సరాసరిన ఎక్కడో పైన కరగాలనిపిస్తుంది. సరైన పాళ్లలో కలిపితే సుమారు 11 డిగ్రీలకే ద్రవం!

దీన్ని మామకి చెప్తే ఆశ్చర్యపోలేదు. "మా దగ్గర గూడ గంతే. అల్యూమినియంల సిలికాన్ ఉంటది, జల్ది కరుగుతది, అచ్చుల మంచిగ పారుతది" అన్నాడు. సిలికాన్ ఒక్కటే అయితే 1,414 డిగ్రీలు కావాలి. కానీ అల్యూమినియంలో దాదాపు 12.6 శాతం సిలికాన్ ఉంటే ఆ మిశ్రమం 577కే కరిగిపోతుంది. సైజులు వేరైన పరమాణువులు కలిస్తే స్ఫటికంలో వరస కుదరదు, ద్రవంగా ఉండటమే వాటికి సులువు. మీ ఫోన్ బోర్డు మీద సోల్డర్ చేసే షాపు అన్న కూడా ఇదే సూత్రం మీద బతుకుతున్నాడు: తగరం 232, సీసం 327, రెండూ 63:37 పాళ్లలో కలిస్తే 183.

ఇక పనితనం. వేడిని మోసే సామర్థ్యం, అంటే ఉష్ణవాహకత, మామూలు థర్మల్ పేస్టుల్లో 5 నుంచి 12 వరకు ఉంటుంది (యూనిట్ వాట్ పర్ మీటర్ కెల్విన్). లిక్విడ్ మెటల్ డబ్బా మీద 70 పైన కూడా రాస్తారు. ద్రవ గాలియంకి సుమారు 30 అని తెలిసిన వాడు ఆ నంబర్‌ని కొంచెం అనుమానంగానే చూడాలి. అయినా మామూలు పేస్ట్ కంటే చాలా మెరుగే, అందులో డౌట్ లేదు. 2020లో సోనీ ప్లేస్టేషన్ 5లో ఫ్యాక్టరీ నుంచే లిక్విడ్ మెటల్ వాడింది. అయితే అది బయటికి కారకుండా చిప్ చుట్టూ ప్రత్యేకంగా సీల్ కట్టింది. ఆ సీల్ మన లాప్‌టాప్‌లో ఉండదు.

నా సలహా, రూమ్మేట్ లాప్‌టాప్

మా రూమ్మేట్ అప్పుడు జాబ్ వెతుకుతున్నాడు. నాలుగేళ్ల పాత లాప్‌టాప్, కాస్త లోడ్ పడితే 95 డిగ్రీలు. వాళ్ల అక్క కొనిచ్చింది, కొత్తది కొనే పరిస్థితి లేదు. "లిక్విడ్ మెటల్ వేద్దాం రా, సెట్ అయిపోద్ది" అన్నాను. వీడియో చూసి ఇద్దరం కలిసి వేశాం. 95 కాస్తా 81 అయ్యింది. ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడు వారాలకి మళ్లీ వేడెక్కడం మొదలైంది. విప్పి చూస్తే చిప్ మీద ఉండే రాగి ప్లేట్ బాగానే ఉంది, బూడిద రంగు మరక పడింది అంతే. దాన్ని బోర్డుకి బిగించే చేతులు అల్యూమినియంవి. మేము వేసింది కాస్త ఎక్కువై అంచు నుంచి జారి వాటికి తగిలింది. స్క్రూ తిప్పుతుంటే ఒక చెయ్యి బిస్కెట్‌లా విరిగి చేతికి వచ్చింది. నాలుగు రోజుల్లో వాడికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ.

మనం చదువుకున్న అల్యూమినియం పాఠం ఇక్కడే ఉంది. చర్యాశీలత శ్రేణిలో అల్యూమినియం ఇనుము కంటే పైన ఉంటుంది. అయినా ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు. గాలి తగిలిన క్షణంలోనే దాని మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కొన్ని నానోమీటర్ల మందమే, కానీ కింద లోహానికి ఆక్సిజన్ చేరనివ్వదు. మామ వాళ్ల ఫర్నేస్‌లో కరిగిన లోహం మీద కట్టే తెట్టులో ఎక్కువ భాగం ఈ ఆక్సైడే. వాళ్లు దాన్ని తీసి పారేస్తారు, మనకి మాత్రం అదే కవచం.

ఆ పొరకి ఎక్కడో ఒక గీత పడి ఉంటుంది, స్క్రూ దగ్గరైతే కచ్చితంగా. అక్కడి నుంచి ద్రవ గాలియం లోపలికి దూరుతుంది. అల్యూమినియం ఒకే దిమ్మ కాదు, కంటికి కనబడని గ్రెయిన్లు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. గాలియం ఆ అతుకుల వెంట పాకుతూ గ్రెయిన్లను విడదీస్తుంది. ఇది యాసిడ్ తినేసినట్టు కాదు, గోడలో ఇటుకలు అలాగే ఉండి సిమెంటు మాత్రం పోయినట్టు. పైగా గాలియంలో కలిసిన అల్యూమినియంకి ఆక్సైడ్ కవచం నిలవదు కాబట్టి, తేమ తగిలితే నీళ్లతో చర్య జరిపి అల్యూమినియం హైడ్రాక్సైడ్, హైడ్రోజన్ ఇస్తుంది. పాత్రలో రోజూ నీళ్లు కాచినా ఏమీ కాని అల్యూమినియం ఇదే! యూట్యూబ్‌లో ఫోన్ బాడీ మీద గాలియం పోసి చేత్తో విరిచే వీడియోలు చూసే ఉంటారు. అవి ఫేక్ కాదు.

రాగి విషయంలో ఇంత గొడవ లేదు. గాలియం రాగిలోకి నెమ్మదిగా వెళ్లి పైపైన ఒక కొత్త సమ్మేళనం ఏర్పడుతుంది, అందుకే ఆ మరక. అలా గాలియం ఇంకిపోతే కొన్నాళ్లకి మళ్లీ వేయాల్సి రావచ్చు. నికెల్ పూత ఉన్న రాగి అయితే ఇంకా సేఫ్. సమస్య ఏంటంటే నికెల్ పూత రాగి, అల్యూమినియం రెండూ చూడటానికి వెండి రంగే. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో మెటీరియల్ స్పష్టంగా రాసి ఉంటే తప్ప అంచనా మీద వేయొద్దు. చిప్ ప్లేట్ ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న బ్రాకెట్లు, ఫిన్లు కూడా చూడాలి, మేము చూడనిది అదే. ఇంకోటి, ఇది లోహం, కరెంటు పారుతుంది. ఒక్క బొట్టు బోర్డు మీద కెపాసిటర్ల మధ్య పడితే షార్ట్.

మరి గాన్ చార్జర్ సంగతేంటి, అందులోనూ గాలియం ఉంది కదా అని ఒకరు అడిగారు. అందులో ఉన్నది గాలియం నైట్రైడ్, సమ్మేళనం. సోడియం నీళ్లలో వేస్తే మండుతుంది, క్లోరిన్ విషం, రెండూ కలిసిన ఉప్పు మనం పప్పులో వేసుకుంటాం. మూలకం గుణాలు సమ్మేళనంలో ఉండవు. చార్జర్ ఎంత వేడెక్కినా అందులో గాలియం కరగడం అనేది జరగదు. దొరకడమే కాస్త కష్టం అంతే. గాలియంకి విడిగా గనులు దాదాపు లేవు, ఎక్కువగా బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు కొద్దిగా వస్తుంది. ప్రపంచంలో తయారయ్యేది దాదాపు అంతా చైనాలోనే. 2023 ఆగస్టు నుంచి ఎగుమతికి వాళ్లు లైసెన్స్ పెట్టారు.

రూమ్మేట్ ఇంటర్వ్యూ నా లాప్‌టాప్‌లో ఇచ్చాడు. ఆ వారం నేను సిక్ లీవ్ పెట్టాను. పాత స్టాక్‌లో దొరికిన హీట్ సింక్ నా డబ్బుతోనే తెప్పించాను. ఈసారి వేసింది పీటీఎం7950 అనే ఫేజ్ చేంజ్ ప్యాడ్. రూమ్ ఉష్ణోగ్రతలో పల్చటి రేకులా ఉంటుంది, కత్తిరించి అతికించొచ్చు. చిప్ 45 డిగ్రీలు దాటితే మెత్తబడి సందులన్నీ నింపుతుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. కరెంటు పారదు, అల్యూమినియంని ఏమీ చేయదు. ఇప్పుడు లోడ్‌లో 84 చూపిస్తోంది. లిక్విడ్ మెటల్ కంటే 3 డిగ్రీలు ఎక్కువ. ఆ 3 డిగ్రీల కోసం మేము లాప్‌టాప్‌ని పణంగా పెట్టాం.

సరదాకి గాలియం కొనేవాళ్లకి ఇంకొక్క మాట. అల్యూమినియం బాడీ ఫోన్ ఉన్న టేబుల్ మీద దాన్ని తీయొద్దు, గ్లౌజులు వేసుకోండి, చేతికి నల్లటి మరక అంటుతుంది. పండక్కి ఫ్లైట్‌లో ఊరికి వెళ్తూ కజిన్స్‌కి చూపిద్దామని బ్యాగులో అస్సలు వేసుకోవద్దు. విమానం బాడీలో ఎక్కువ భాగం అల్యూమినియం, అందుకే రవాణా నిబంధనల్లో గాలియం యాసిడ్ల వరసలో, లోహాలను తినే పదార్థాల కింద ఉంది.