ఇంజను స్టార్టై మళ్ళీ ఆగిపోతుంటే ముందు ఏం చూడాలి?

మాలో చాలామందిమి సెలవులకు ఊరికి పోతే పుస్తకం కన్నా ముందు పట్టుకునేది ఆయిల్ ఇంజను హ్యాండిలే. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో కె.సి. కాలువ గట్టున, కుందూ ఒడ్డున, కరెంటు లైను లేనిచోట పైరుకు అదే ఆధారం. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుండి వచ్చే ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా తవ్వించింది. 1882లో ప్రభుత్వం దానిని కొన్నది. పడవలు ఎప్పుడో పోయాయి. గట్టున ఇంజన్ల చప్పుడు మిగిలింది.

ఒక దసరా సెలవుల్లో జరిగింది చెబుతాం. కౌలు పొలం, వరి పొట్ట మీద ఉంది, కాలువలో నీళ్ళు అడుగంటాయి. గంటల లెక్కన బాడుగకు ఇంజను తెచ్చాం. పావుగంట నడిచి ఆగిపోయింది. కాసేపు ఆగి తిప్పితే మళ్ళీ స్టార్టయింది, మళ్ళీ ఆగింది. "నాజిలు పోయిందిలే, నంద్యాలకు పోవల్ల" అన్నాడు చిన్నాయన. మేము పానా అందుకున్నాం. పక్క చేని పెద్దాయన వచ్చి, "ముందు మూత తీయండప్పా" అన్నాడు. ట్యాంకు మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. తుంపర పడుతుందని రాత్రి మేమే మూతకు ప్లాస్టిక్ కవరు బిగించి కట్టాం! కవరు తీసేశాక ఇంజను ఆగలేదు. తెల్లారేసరికి మడి తడిసింది.

కారణం మన సైన్సు పాఠంలోనే ఉంది. నూనె డబ్బాకు ఒకే చిల్లి పెడితే ధార సరిగా రాదు. రెండో చిల్లి పెడితే గాలి లోపలికి పోయి ధార వస్తుంది. ట్యాంకు మూతకుండే సన్నని రంధ్రం ఆ రెండో చిల్లి. పడవ వెనుక బిగించే పెట్రోలు మోటారుకూ ఇదే సూత్రం. విడిగా ఉండే దాని పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి స్క్రూ ఉంటుంది. దానిని తెరవడం మరిస్తే మోటారు నడినీళ్ళలో ఆగుతుంది.

1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజనుకు ప్లగ్గు లేదు. గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ చిమ్మిన డీజిలు తనంతట తానే మండుతుంది. స్టార్టయిన ఇంజనులో ఈ నొక్కుడు ఉన్నట్టే, నాజిల్ కూడా పనిచేస్తున్నట్టే. కాబట్టి నడిచి ఆగితే ముందు డీజిలు వచ్చే దారి వెతకాలి. వరుస ఇది:

1. ట్యాంకు మూత వదులు చేసి నడపండి. ఆగకపోతే రంధ్రం శుభ్రం చేస్తే చాలు.

2. పైపు ఊడదీసి డీజిలును గాజు సీసాలోకి వదలండి. ధార సన్నబడితే కాక్‌లోనో పైపులోనో చెత్త ఉంది. సీసా అడుగున వేరుగా తేరితే అది నీరు.

3. ఫిల్టరు చూడండి. నల్లగా మూసుకుపోతే మార్చండి.

4. ట్యాంకు ఖాళీ అయినా, పైపు విప్పినా లైనులో గాలి పడుతుంది. గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిలు నిండుగా వచ్చాక బిగించండి.

5. పొగ చూడండి. పొగ లేకుండా మెల్లగా ఆగితే డీజిలు అందలేదు. నల్లపొగ కక్కి ఆగితే ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది, లేదా బరువు ఎక్కువైంది.

6. వేడెక్కి ఆగితే చల్లబరిచే నీళ్ళు, ఇంజను ఆయిలు చూడండి. కాలుతున్న ఇంజను మీద చన్నీళ్ళు పోయకండి, పగులుతుంది.

ఇవన్నీ చూశాకే నాజిల్, పంపు మెకానిక్కుకు చూపాలి. ఒకసారికి ఒక్కటే మార్చి నడిపి చూడండి. నాలుగూ ఒకేసారి విప్పితే తప్పు ఎక్కడుందో తెలియదు.

తమ్ముళ్ళూ, జాగ్రత్తలు మరవకండి. బెల్టు దగ్గరికి లుంగీ, తువ్వాలుతో పోవద్దు. నాజిల్ చిమ్మేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ ధార చర్మంలోకి దిగుతుంది. బావిలోపల, మూసిన గదిలో ఇంజను నడపొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఆ రోజు నంద్యాలకు పోయి ఉంటే ఒక రోజు, బాడుగ, మెకానిక్కు ఖర్చు పోయేవి. పొట్ట మీదున్న వరి ఎండేది. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఇంజను ఆగితే నాయనతో "ముందు మూత చూద్దాం" అనండి.