మెడికల్ సీటుకు ముఖాముఖి: పిల్లలకూ పాఠమే, మనకూ పాఠమే



అన్నవరం చుట్టుపక్కల మన ఇళ్లలో ‘డాక్టర్ అవుతాను’ అనే పిల్లలున్నారు. వాళ్ల తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడిగేది ఒకటే: “ఇంటర్వ్యూలో ఏం అడుగుతారండీ?”

మన రాష్ట్రంలో ఎంబీబీఎస్ సీటుకు ఇంటర్వ్యూ ఉండదు. నీట్ ర్యాంకే ఆధారం. 180 ప్రశ్నలు, 720 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ప్రశ్నపత్రం తెలుగులోనూ, ఉర్దూలోనూ దొరుకుతుంది. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోగా, మిగిలినవి విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. మనకు దగ్గరలో 1958లో మొదలైన కాకినాడ రంగరాయ కళాశాల, 2023లో తరగతులు ప్రారంభమైన రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ఉన్నాయి.

అయినా విద్యార్థి మూడు చోట్ల పరీక్షకు నిలబడాల్సి రావచ్చు.

మొదటిది: పత్రాల పరిశీలన

ఇక్కడ మాటలు కాదు, కాగితాలు మాట్లాడతాయి. పదో తరగతి మెమోలో ‘షేక్’ అని, ఆధార్‌లో ‘ఎస్‌కె’ అని ఉంటే చిక్కే. ఇంటర్ మొదటి ఏడాదిలోనే సరిచేయించాలి. బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది; షేక్‌లు అందులోకి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు రావు. వారు అర్హతను బట్టి ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవాలి. దూదేకుల వారు బీసీ-బి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒకే ఫైల్‌లో ఉంచాలి.

రెండోది: నిజమైన ఇంటర్వ్యూ

పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల (ఏఎఫ్ఎంసీ) నీట్ మార్కులను బట్టి పిలిచి, ఇంగ్లిష్, తార్కిక శక్తి పరీక్షతో పాటు ఇంటర్వ్యూ కూడా చేస్తుంది. చదువయ్యాక సైన్యంలో వైద్యసేవకు ఒప్పుకోవాలి. విదేశాల్లో అయితే కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి చాలా చోట్ల ఉంది: ఒక్కో గదిలో కొన్ని నిమిషాలు, ఒక్కో సమస్య. అక్కడ కంఠస్థం పనిచేయదు.

మూడోది: మన ఇంటర్వ్యూ

స్కాలర్‌షిప్ కోసం మన కమిటీ ముందు కూర్చోవడం. ఒకసారి ఒక అమ్మాయిని “డాక్టరే ఎందుకు?” అని అడిగాం. “పేదలకు సేవ చేయాలని” అంది. అందరూ చెప్పే మాటే. “సేవకు డాక్టరే కావాలా? టీచరైనా చేయొచ్చుగా?” అన్నాం. తడబడింది. “సరే, ఆసుపత్రిలో నువ్వు చూసింది ఒకటి చెప్పమ్మా” అన్నాం. షుగర్‌తో నాన్న కాలికి పుండు పడటం, కట్టు విప్పే ముందు నర్సమ్మ ప్రతిసారీ “నొప్పి పుడితే చెప్పండి బాబాయ్” అనడం, పుండు ఎందుకు మానడం లేదో తాను పుస్తకంలో వెతకడం చెప్పింది. అసలు జవాబు అదే. కన్నది, చేసింది, దాన్నుంచి నేర్చుకున్నది: ఈ మూడూ ఉంటే చాలు.

ఆ రోజు తప్పు మాదీ ఉంది. పదిమంది ముందు “మీ నాన్నకు అప్పు ఎంత?” అని అడిగాం. పిల్ల తల దించుకుంది, మళ్లీ నోరు విప్పలేదు. దానం చేసి మనసు నొప్పిస్తే ఆ దానమే వృథా అవుతుందని ఖుర్ఆన్ హెచ్చరిస్తుంది. అప్పటి నుంచి ఆదాయ వివరాలు ఒక్కరే, విడిగా, కాగితాలు చూసి తెలుసుకుంటున్నారు. పిల్లలతో చదువు గురించే మాట్లాడుతున్నాం.

దాతలు చేయగలిగింది

డబ్బుతో పాటు ఒక్క ఆదివారం ఇవ్వండి. మీలో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు ఉంటే పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని పది నిమిషాలు ప్రశ్నలు అడగండి. “తెలియదండీ” అని నిజాయితీగా చెప్పడం కూడా నేర్పండి. మీసేవకు వెళ్లలేని తల్లికి తోడు వెళ్లండి. సీటు రాని పిల్లకు నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ కోర్సుల దారి చూపండి. అది ఓటమి కాదని చెప్పండి.

మీ జకాత్, సదఖాలు ఫీజు కడతాయి. మీ సమయం ఆ బిడ్డ తల ఎత్తుకుని మాట్లాడేలా చేస్తుంది, ఇన్షా అల్లాహ్.